ఒకే మెరుపు, మూడు విలువలు: బంగారు తొడుగు గొలుసుల చరిత్ర, నిర్మాణం

నగల అంగడిలో ఎర్రని మఖమలు గుడ్డ మీద మూడు గొలుసులు పరచి ఉన్నాయనుకుందాం. మూడింటి పొడవు ఒకటే, అల్లిక ఒకటే, మెరుపు కూడా ఒకటే. మొదటిది 22 కారట్ల బంగారంతో చేసినది. రెండవది ఇత్తడి తీగకు బంగారు తొడుగు వేసి, ఆ తీగతో అల్లినది. మూడవది ఇత్తడి గొలుసుకు విద్యుత్తు సాయంతో బంగారు పూత పూసినది. కంటికి వీటి మధ్య భేదం కనిపించదు. కాని ఒక్కొక్క గొలుసు 10 గ్రాముల తూకం గలదనుకుంటే, మొదటి దానిలో 9 గ్రాములకు మించి శుద్ధమైన బంగారం ఉంటుంది. రెండవ దానిలో ఒక గ్రాములో మూడవ వంతు కూడా ఉండదు. మూడవ దానిలో ఉండేది సాధారణంగా ఒక గ్రాములో యాభయ్యవ వంతుకు అటూ ఇటూ మాత్రమే.

కన్ను చెప్పలేని ఈ భేదాన్ని కొనేవారికి ఎవరు చెప్పాలి? చవక నగల చరిత్ర అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. బంగారాన్ని పొదుపుగా వాడే విద్య ప్రాచీనమైనది, గౌరవప్రదమైనది. ఆ విద్యతో తయారైన వస్తువును దాని అసలు పేరుతో అమ్మినంతవరకు అందులో మోసం లేదు. పేరు మరుగున పడినప్పుడే మోసానికి తావు ఏర్పడుతుంది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడున్నదో తెలుసుకోవాలంటే, రెండవ గొలుసు పుట్టుకను, నిర్మాణాన్ని కొంత వివరంగా పరిశీలించవలసి ఉంటుంది. ఆంగ్లంలో దీనికి 'గోల్డ్ ఫిల్డ్' అని పేరు. మాటకు మాట అర్థం చెబితే 'బంగారంతో నింపినది' అని వస్తుంది గాని, వాస్తవం అందుకు విరుద్ధం. బంగారం వెలుపల ఉంటుంది, లోపల నిండి ఉండేది ఇత్తడి. కనుక దీనిని 'బంగారు తొడుగు' అనడమే సమంజసం.

ప్రాచీనుల పొదుపు

బంగారానికి ఇతర లోహాలకు లేని రెండు గుణాలున్నాయి. గాలికి, నీటికి, చెమటకు అది చెక్కు చెదరదు. సుత్తి దెబ్బకు పగలక ఎంతగానైనా సాగుతుంది. ఒక్క గ్రాము బంగారాన్ని అర చదరపు మీటరుకు పైగా విస్తరించే రేకుగా సాగగొట్టవచ్చు. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. బంగారు రేకు మందం సుమారు మైక్రానులో పదవ వంతు మాత్రమే ఉంటుంది. ఇంత పలుచనైనా అది బంగారం వలెనే మెరుస్తుంది. మెరుపు ఉపరితలానికి సంబంధించినది గాని లోపలి ద్రవ్యానికి సంబంధించినది కాదని ప్రాచీన శిల్పులు త్వరలోనే గ్రహించారు.

వారు అనుసరించిన పద్ధతులలో ఒకటి రేకు అతికించడం. మరొకటి పాదరసంతో చేసే పూత. బంగారాన్ని పాదరసంలో కలిపి వెన్న వంటి ముద్దగా చేసి, రాగి విగ్రహంపై పులిమి, నిప్పుల సెగ చూపుతారు. పాదరసం ఆవిరై పోతుంది, బంగారం విగ్రహానికి అంటుకొని నిలుస్తుంది. నేపాలులోని పాటన్ నగరానికి చెందిన నేవార్ శిల్పులు బౌద్ధ, హైందవ విగ్రహాలకు ఈ విధంగానే పూత పూస్తూ వచ్చారు. హిమాలయాలకు ఆవలనున్న టిబెట్ మఠాలలో సైతం వారి పనితనం కనిపిస్తుంది. పూత దృఢంగా ఉంటుంది. కాని పాదరసపు ఆవిరి విషతుల్యం. విగ్రహం పొందిన కాంతికి పనివాడు తన ఆరోగ్యాన్ని మూల్యంగా చెల్లించవలసి వచ్చేది.

బంగారు తొడుగు గొలుసుకు అత్యంత సన్నిహితమైన భారతీయ విద్య నగల అంగడిలో కాక, పట్టుచీరల మగ్గం మీద కనిపిస్తుంది. అదే జరీ. సూరత్, బనారసు నగరాల పనివారు సంప్రదాయ పద్ధతిలో ముందుగా ఒక వెండి కడ్డీని తీసుకొని, దానిని శుభ్రపరచి, చుట్టూ బంగారు రేకు చుట్టేవారు. కొలిమిలో వేడి చేసి ఒత్తిడి కలిగిస్తే రేకు కడ్డీని గట్టిగా పట్టుకొనేది. ఆ పిమ్మట దానిని కమ్మచ్చు రంధ్రాల గుండా లాగేవారు. కమ్మచ్చు అనగా క్రమంగా చిన్నవవుతూ పోయే రంధ్రాలు గల ఉక్కు పలక. ఒక్కొక్క రంధ్రం దాటిన కొద్దీ కడ్డీ సన్నబడుతుంది, పొడవు పెరుగుతుంది. చివరకు వెంట్రుక వంటి తీగ తయారవుతుంది. దానిని నలగగొట్టి పట్టుదారం చుట్టూ చుడితే జరీ సిద్ధమవుతుంది.

ఇక్కడ గమనింపదగిన విశేషమొకటున్నది. కడ్డీ ఎంత సన్నబడినా బంగారం లోపలికి ఇంకిపోదు, తెగిపోదు. వెండితో పాటు తానూ సాగుతూ ఎల్లప్పుడూ పైభాగంలోనే నిలుస్తుంది. కడ్డీలో బంగారానికి, వెండికి ఏ నిష్పత్తి ఉన్నదో, వెంట్రుక వంటి తీగలోనూ దాదాపు అదే నిష్పత్తి ఉంటుంది. జరీ పనివారికి చేతి అనుభవం వల్ల తెలిసిన ఈ సూత్రమే తరువాతి కాలంలో యంత్రాల మీద చేసే బంగారు తొడుగు తీగకు ప్రాణాధారమైనది.

షెఫీల్డు నుండి ఫిలడెల్ఫియా వరకు

ఐరోపాలో 18వ శతాబ్దం నాటికి మధ్య తరగతి ప్రజలు పెరిగారు. ప్రభువుల వలె నగలు, గడియారాలు ధరించాలన్న కోరిక వారిలో కలిగింది. ఆ కోరికను తీర్చడానికి మొదట రంగప్రవేశం చేసినది పూత కాదు, ఒక మిశ్రమ లోహం. 1732లో మరణించిన క్రిస్టఫర్ పించ్‌బెక్ అనే లండను గడియారాల పనివాడు రాగిని, తుత్తునాగాన్ని తగు పాళ్ళలో కలిపి బంగారు వన్నె గల లోహాన్ని తయారు చేశాడు. అందులో బంగారం లేశమైనా లేదు. ఆయన సరుకును ఆయన పేరుతోనే అమ్మినా, కాలక్రమాన ఆంగ్ల భాషలో 'పించ్‌బెక్' అనే మాటకు 'నకిలీ' అనే అర్థం స్థిరపడిపోయింది. ఒక నిపుణుని పేరు నిందావాచకంగా మారడం విచారకరమే. పేరు, వస్తువు ఒకదాని నుండి మరొకటి ఎలా విడిపోగలవో చెప్పడానికి ఇది తొలి ఉదాహరణ.

1743 ప్రాంతంలో షెఫీల్డు నగరంలో థామస్ బోల్సోవర్ అనే కత్తుల పనివాడు వెండిని, రాగిని కలిపి వేడి చేసినప్పుడు అవి అంచుల వద్ద కరిగి ఒకదానితో ఒకటి విడదీయరానట్లు అతుక్కున్నాయని కనుగొన్నాడు. కత్తి పిడిని మరమ్మతు చేస్తుండగా ఇది యాదృచ్ఛికంగా జరిగిందని ఒక కథనం. అంతకంటె ముఖ్యమైనది ఆయన తరువాత గమనించిన విషయం. అతికిన దిమ్మెను రోలర్ల మధ్య పెట్టి నలిపితే రెండు లోహాలూ ఒకే లోహం వలె సమానంగా సాగాయి. ఈ రేకుతో ఆయన మొదట గుండీలు చేశాడు. తరువాత ఇతరులు పళ్ళెములు, దీపస్తంభాలు, టీ పాత్రలు చేశారు. వెండి పని తెలిసిన షెఫీల్డుకు దీనివల్ల గొప్ప ఖ్యాతి వచ్చింది.

వెండికి పట్టిన ఈ విద్య బంగారానికి పట్టడం ఎంతో కాలం ఆగలేదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ చవక నగలకు, గుండీలకు ప్రసిద్ధి పొందింది. రోలర్ల మధ్య నలిపి చేసినది గనుక ఈ సరుకుకు 'రోల్డ్ గోల్డ్' అన్న పేరు వచ్చింది. అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవల, అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో నెహెమియా డాడ్జ్ అనే స్వర్ణకారుడు తక్కువ వెల గల లోహంపై బంగారాన్ని అతికి చవక నగలు చేసిన తొలివారిలో ఒకడుగా పేర్కొనబడుతున్నాడు. ఇది 18వ శతాబ్దపు చివరి దశకం నాటి మాట. ప్రావిడెన్స్, దానికి సమీపంలోని ఆటిల్‌బరో పట్టణం క్రమంగా అమెరికాలో నగల పరిశ్రమకు ప్రధాన కేంద్రాలైనాయి.

'గోల్డ్ ఫిల్డ్' చరిత్రలో ముఖ్యమైన ఘట్టం మాత్రం గొలుసుకు సంబంధించినది కాదు. ఆ గొలుసు చివర వ్రేలాడే జేబు గడియారానిది. 1859 మే 3వ తేదీన ఫిలడెల్ఫియాకు చెందిన జేమ్స్ బాస్ గడియారపు డబ్బీల తయారీలో ఒక పద్ధతికి పేటెంటు పొందాడు. చవక లోహపు పలకకు బంగారు పలకలను అతికి, ఆ మొత్తాన్ని రోలర్లతో నలిపి, దానితో డబ్బీని మలచడం ఆ పద్ధతి. రోలర్ల ఒత్తిడికి లోహం గట్టిపడుతుంది గనుక డబ్బీ పలుచగా ఉండి కూడా దృఢంగా నిలిచేది. రైలు బండ్లు, కర్మాగారాలు విస్తరిస్తున్న ఆ దినాలలో గడియారం విలాస వస్తువు స్థాయి నుండి అవసర వస్తువుగా మారుతున్నది. బంగారు తొడుగు డబ్బీకి, దానికి తగిన గొలుసుకు అపారమైన గిరాకీ ఏర్పడింది.

తీగ నుండి గొలుసు

బంగారు తొడుగు గొలుసు తయారీని మూడు అంచెలుగా అర్థం చేసుకోవచ్చు.

మొదటి అంచె అతికింపు. శుద్ధమైన బంగారం, అనగా 24 కారట్లది, మెత్తనిది. రాపిడికి త్వరగా అరిగిపోతుంది. అందువల్ల తొడుగుకు 10, 12 లేదా 14 కారట్ల బంగారాన్ని వాడతారు. మిగిలిన భాగంలో రాగి, వెండి, తుత్తునాగం వంటివి కలిసి ఉంటాయి. లోపలి లోహం సాధారణంగా ఇత్తడి. రేకు కావలసినప్పుడు ఇత్తడి దిమ్మెను, బంగారు పలకను మరకలేమీ లేకుండా శుభ్రపరచి, ఒకదానిపై మరొకటి ఉంచి, ఒత్తిడి పెట్టి వేడి చేస్తారు. నడుమ వెండి టంకం ఉంచి అతకడం ఒక మార్గం. టంకం లేకుండానే వేడి, ఒత్తిడి వల్ల రెండు లోహాల అణువులు సరిహద్దు వద్ద ఒకదానిలోకి ఒకటి చొచ్చుకొనునట్లు చేయడం మరొక మార్గం. తీగ కావలసినప్పుడు ఇత్తడి కడ్డీని బంగారు గొట్టంలోకి బిగువుగా దించి అతుకుతారు. గొట్టానికి అతుకు లేకుంటే తీగకు కూడా ఎక్కడా గీత కనిపించదు.

రెండవ అంచె సాగదీత. రేకును రోలర్ల మధ్య, తీగను రంధ్రాల గుండా సాగదీస్తారు. సాగిన లోహం గట్టిపడి పెళుసెక్కుతుంది గనుక నడుమ నడుమ కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు. సూరత్ జరీ పనివాని కడ్డీకి వర్తించిన నియమమే ఇక్కడా వర్తిస్తుంది. దిమ్మెలో నిర్ణయించిన నిష్పత్తి తీగలో అలాగే ఉంటుంది. తయారీదారు తన సరుకులో ఎంత బంగారం ఉన్నదో కచ్చితంగా చెప్పగలగడానికి ఇదే కారణం.

మూడవ అంచె అల్లిక. తీగను ఒక కడ్డీ చుట్టూ స్ప్రింగు వలె చుట్టి, నిలువుగా కోస్తే విడి వలయాలు వస్తాయి. ఒక వలయంలో మరొక వలయాన్ని దూర్చి, చివరలను కలిపి టంకం వేస్తే గొలుసు తయారవుతుంది. ఈ పనిని యంత్రాలు అతి వేగంగా చేస్తాయి. గొలుసులోని బలహీన స్థానం కూడా ఈ అంచెలోనే ఏర్పడుతుంది. తీగను కోసిన ప్రతి చోట లోపలి ఇత్తడి ముఖం బయటపడుతుంది. ఆ ముఖాన్ని టంకం కప్పి ఉంచాలి. టంకం సరిగా పడకపోయినా, మెరుగు పెట్టేటప్పుడు అతిగా అరగదీసినా గొలుసు నల్లబడటం అక్కడి నుండే మొదలవుతుంది. అలాగే రెండు లంకెలు ఒకదానితో ఒకటి ఒరుసుకొనే లోపలి వంపులో తొడుగు అన్నిటికంటె ముందుగా అరుగుతుంది.

భిన్నాంకం చెప్పే సత్యం

గోల్డ్ ఫిల్డ్ గొలుసు కొక్కెం మీద '1/20 14కె జి.ఎఫ్.' వంటి ముద్ర ఉంటుంది. అందులో మూడు సమాచారాలున్నాయి. 'జి.ఎఫ్.' అనేది గోల్డ్ ఫిల్డ్ అని తెలుపుతుంది. '14కె' తొడుగు బంగారం 14 కారట్లదని తెలుపుతుంది. '1/20' మొత్తం తూకంలో ఆ తొడుగు ఇరవయ్యవ వంతు అని తెలుపుతుంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గసూత్రాల ప్రకారం 'గోల్డ్ ఫిల్డ్' అనిపించుకోవాలంటే తొడుగు కనీసం 10 కారట్లదై, తూకంలో కనీసం ఇరవయ్యవ వంతు ఉండాలి. అంతకు తక్కువ ఉంటే, ఉదాహరణకు నలభయ్యవ వంతు ఉంటే, ఆ భిన్నాన్ని చూపుతూ 'రోల్డ్ గోల్డ్ ప్లేట్' అని పేర్కొనాలి.

ఈ లెక్కను విద్యార్థులు సులభంగా చేయవచ్చు. గొలుసు తూకం 10 గ్రాములు. అందులో ఇరవయ్యవ వంతు అర గ్రాము. ఇది 14 కారట్ల బంగారం గనుక, 24లో 14 వంతులు మాత్రమే శుద్ధమైన బంగారం. అర గ్రామును 14తో హెచ్చించి 24తో భాగిస్తే 0.292 గ్రాము, అనగా 292 మిల్లీగ్రాములు వస్తుంది. అదే తూకం గల 22 కారట్ల గొలుసులో 10ని 22తో హెచ్చించి 24తో భాగించగా 9.17 గ్రాములు, అనగా 9,170 మిల్లీగ్రాములు వస్తుంది. మొదటి దానికి ముప్పది రెట్లకు పైగా.

తొడుగు మందాన్ని కూడా లెక్కించవచ్చు. తీగ వ్యాసం 1 మిల్లీమీటరు అనుకొని, 14 కారట్ల బంగారం సాంద్రత సుమారు 13గా, ఇత్తడి సాంద్రత సుమారు 8.5గా తీసుకుంటే, తొడుగు మందం 8 మైక్రాన్ల కంటె కొంచెం ఎక్కువ వస్తుంది. ఇప్పుడు మూడవ గొలుసును చూద్దాం. అదే తీగకు 0.2 మైక్రాన్ల మందంలో శుద్ధమైన బంగారం పూత పూస్తే, 10 గ్రాముల గొలుసుకు పట్టే బంగారం సుమారు 18 మిల్లీగ్రాములు మాత్రమే. 9,170, 292, 18 అనే ఈ మూడు అంకెలూ మఖమలు గుడ్డ మీది మూడు గొలుసుల అసలు పరిచయం.

ఈ భిన్నాంకం ఒక్క రోజులో అలవాటు కాలేదు. అమెరికాలో గడియారపు డబ్బీలపై ఒకప్పుడు '20 సంవత్సరాల హామీ', '25 సంవత్సరాల హామీ' అని ముద్రించేవారు. తొడుగు అన్నాళ్ళు అరగకుండా నిలుస్తుందని దాని భావం. కాని ఇరవై ఏళ్ళ తరువాత హామీ ఇచ్చినవాడు ఉంటాడో ఉండడో, గడియారాన్ని ఎవరెంత వాడారో ఎవరు చెప్పగలరు? 1906లో ఆ దేశంలో బంగారు, వెండి వస్తువుల ముద్రలను గురించిన చట్టం వచ్చింది. 1920ల దశకంలో సంవత్సరాల హామీ ముద్రలకు స్వస్తి చెప్పారు. వాగ్దానం పోయి కొలత వచ్చింది. వాగ్దానాన్ని నమ్మవలసి ఉంటుంది. కొలతను మాత్రం ఎవరైనా పరీక్షించి చూడవచ్చు.

విద్యుత్ పూత రాక

1805లో ఇటలీ శాస్త్రజ్ఞుడు లూయిజి బ్రునాటెల్లి విద్యుత్ ఘటం సాయంతో వెండి పతకాలకు బంగారు పూత పూయగలిగాడు. 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్ కుటుంబీకులు విద్యుత్ పూతకు పేటెంటు పొందిన పిదప ఈ విద్య పరిశ్రమ రూపం దాల్చింది. పాత షెఫీల్డు పద్ధతి త్వరలోనే వెనుకబడింది. పాదరసపు విషం నుండి కూడా పనివారికి చాలావరకు విముక్తి లభించింది.

తొడుగుకు, విద్యుత్ పూతకు భేదం కేవలం మందంలో లేదు, క్రమంలో కూడా ఉన్నది. తొడుగు పద్ధతిలో ముందు బంగారం అతికి, తరువాత నగ చేస్తారు. విద్యుత్ పూతలో ముందు నగ చేసి, తరువాత బంగారు లవణాల ద్రావణంలో ముంచుతారు. నగలోని మూలమూలలకూ పూత చేరుతుంది, కోసిన చివరలు కూడా కప్పబడతాయి. ఇది ఒక సౌకర్యం. కాని ఎంత మందం పూయాలనేది ముంచి ఉంచిన కాలంపై, విద్యుత్ ప్రవాహంపై ఆధారపడుతుంది. ఒక నిమిషం తగ్గిస్తే బంగారం మిగులుతుంది, కొనేవారికి తెలియదు. 1980 జనవరిలో అంతర్జాతీయ విపణిలో ఔన్సు బంగారం 850 డాలర్లకు చేరినప్పటి వంటి పరిస్థితులలో ఈ ప్రలోభం ఎంత బలంగా ఉంటుందో ఊహించవచ్చు.

భారతదేశంలో: శాసనం, శ్రామికుడు

భారతదేశంలో 22 కారట్ల బంగారమే బంగారమనే భావన బలమైనది. ఈ భావనకు గట్టి పరీక్ష 1963లో ఎదురైంది. 1962 నాటి చైనా దురాక్రమణ తరువాత విదేశీ మారక ద్రవ్యం కాపాడుకోవడానికి, బంగారపు దొంగ రవాణాను అరికట్టడానికి అప్పటి ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ 1963 జనవరిలో స్వర్ణ నియంత్రణ ఉత్తర్వులు ప్రకటించారు. కొత్త నగలు 14 కారట్లకు మించరాదన్నది వాటిలో ముఖ్యమైనది. అమెరికాలో తొడుగుకు వాడే వన్నె, భారతదేశంలో మొత్తం నగకే విధించబడింది.

ఉద్దేశం దేశ రక్షణ అయినప్పటికీ, భారం ఎక్కువగా మోసినవాడు గ్రామ స్వర్ణకారుడు. తరతరాలుగా మెత్తని 22 కారట్ల బంగారంతో పని చేసిన చేతికి గట్టి 14 కారట్ల లోహం లొంగలేదు. అంతకు మించి, ఆ నగలు కొనడానికి జనం ముందుకు రాలేదు. లక్షలాది స్వర్ణకార కుటుంబాల జీవనోపాధి దెబ్బతిన్నది. కొందరు ఆత్మహత్యలకు పాల్పడిన వార్తలు దేశాన్ని కలచివేశాయి. 1966లో 14 కారట్ల నిబంధన తొలగించబడింది. 1968లో స్వర్ణ నియంత్రణ చట్టం వచ్చింది, 1990లో ఆ చట్టం రద్దయింది. ప్రజల నమ్మకాన్ని కూడగట్టకుండా కేవలం ఉత్తర్వుతో బంగారపు వన్నెను మార్చడం సాధ్యం కాదని ఈ అనుభవం నిరూపించింది.

అయితే 22 కారట్లు కొనలేని కుటుంబాలు ఎల్లప్పుడూ ఉన్నాయి. వారికోసం దేశంలో పలుచోట్ల చవక నగల పరిశ్రమలు వెలిశాయి. కృష్ణా జిల్లాలో మచిలీపట్నానికి ఆనుకొని ఉన్న చిలకలపూడి పేరు తెలుగువారికి సుపరిచితం. పాండురంగస్వామి ఆలయానికి ఎంత ప్రసిద్ధమో, రోల్డ్ గోల్డ్ నగలకు అంత ప్రసిద్ధం. తెలుగునాట 'చిలకలపూడి బంగారం' అనే మాట ఒక జాతీయం వలె వాడుకలో ఉన్నది. తమిళనాడులో చిదంబరం పేరుతో 'కవరింగ్' నగలు ప్రసిద్ధి పొందాయి. గుజరాత్‌లోని రాజ్‌కోట్ ఇమిటేషన్ నగల తయారీలో పెద్ద కేంద్రం. భాషలు వేరైనా ఈ పట్టణాల పని తీరులో పోలిక ఎక్కువ. తీగ లాగేవారు, అచ్చు వేసేవారు, రాళ్ళు పొదిగేవారు, టంకం వేసేవారు, పూత పూసేవారు, మెరుగు పెట్టేవారు వేర్వేరుగా ఉంటారు. ఒక్క గొలుసు మెడను చేరేలోగా అనేక చేతులు మారుతుంది.

ఇక్కడే పేరు సమస్య మళ్ళీ తలయెత్తుతుంది. 'రోల్డ్ గోల్డ్' అనేది మొదట ఒక తయారీ పద్ధతికి పేరు. కాలక్రమాన దేశంలోని అంగళ్ళలో విద్యుత్ పూత నగలకు సైతం అదే పేరు వర్తించింది. తరువాత 'వన్ గ్రామ్ గోల్డ్' అనే మరొక పేరు వచ్చింది. అది వాడుకలోకి వచ్చిన వ్యాపార నామమే గాని, నగలో కచ్చితంగా ఒక గ్రాము బంగారం ఉన్నదని తెలిపే అధికారిక ముద్ర కాదు. భారత ప్రమాణాల సంస్థ 2000లో బంగారు నగలకు హాల్‌మార్కు పథకాన్ని ప్రారంభించింది. 2021 జూన్ 16 నుండి దానిని దశలవారీగా తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుండి ఆరు అక్షరాంకెల ప్రత్యేక సంఖ్య గల హాల్‌మార్కు నగలనే అమ్మాలన్న నియమం అమలులోకి వచ్చింది. 22 కారట్ల నగపై కనిపించే '916' అనే అంకె, వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు శుద్ధమైన బంగారమని చెబుతుంది. ఈ ముద్ర నగ అంతటి వన్నెకు సంబంధించినది. తొడుగు నగకు, పూత నగకు ఇది వర్తించదు.

పరీక్షా విధానాలు

తొడుగు నగను గుర్తించడం ఎలా? స్వర్ణకారుని గీటురాయి ఇక్కడ కొంత తడబడుతుంది. గీటు పెట్టినప్పుడు రాయిపై పడేది ఉపరితలపు లోహమే. తొడుగు మందంగా ఉంటే రాయి 14 కారట్ల బంగారమనే చెబుతుంది. అందులో అబద్ధం లేదు, కాని అది సంపూర్ణ సత్యమూ కాదు. అందువల్ల అనుభవజ్ఞులు కనబడని చోట ఆకురాయితో చిన్న గాటు పెట్టి, లోపలి లోహంపై నత్రికామ్లపు చుక్క వేస్తారు. ఇత్తడి అయితే ఆకుపచ్చని నురగ వస్తుంది.

నగకు గాయం చేయని పద్ధతి తరాజు. శుద్ధమైన బంగారం సాంద్రత 19.3, ఇత్తడిది సుమారు 8.5. గొలుసును గాలిలో ఒకసారి, నీటిలో మునిగి ఉండగా ఒకసారి తూచి, ఆ రెండు తూకాల భేదంతో గాలిలోని తూకాన్ని భాగిస్తే సాంద్రత తెలుస్తుంది. 10 గ్రాముల 22 కారట్ల గొలుసు నీటిలో అర గ్రాముకు కొంచెం పైగా మాత్రమే తూకం కోల్పోతుంది. తొడుగు గొలుసు ఒక గ్రాముకు పైగా కోల్పోతుంది. పాఠశాల ప్రయోగశాలలో ఉండే తరాజు ఈ భేదాన్ని పట్టుకోగలదు. ఆర్కిమెడిస్ కిరీటం కథ పాఠ్యపుస్తకానికే పరిమితం కానక్కరలేదు.

ఈ జ్ఞానం కేవలం కుతూహలానికి ఉపకరించేది కాదు. మధ్య తరగతి, పేద కుటుంబాలలో గొలుసు అలంకారం మాత్రమే కాదు, ఆపద వేళ ఆదుకొనే నిధి. పిల్లల చదువుకో, వైద్యానికో, విత్తనాలకో డబ్బు అవసరమైన నాడు గొలుసు తాకట్టుకు వెళుతుంది. ఏళ్ళ తరబడి బంగారమని దాచుకున్నది ఇత్తడి అని తాకట్టు బల్ల వద్ద తెలిసిన గృహిణికి కలిగే నష్టం డబ్బుతో ముగియదు. ఆ నష్టం గొలుసు చేసినవాని చేతిలో పుట్టలేదు. దాని పేరు దాచి అమ్మినవాని నాలుక మీద పుట్టింది. అందువల్ల నగ కొనేటప్పుడు ముద్రను చదవడం, ముద్రలో ఉన్నదే రశీదులో రాయించుకోవడం ప్రతివారి కర్తవ్యం. బంగారమైతే వన్నె, తొడుగైతే భిన్నం, పూతైతే పూత అని స్పష్టంగా ఉండాలి.

తొడుగు నగను తొడుగు నగగానే తెలిసి కొన్నవారికి అది మంచి వస్తువే. దూర ప్రయాణాలలో దొంగల భయం లేకుండా ధరించవచ్చు. చెమట, సబ్బు, అత్తరు తగలకుండా చూచుకొని, మెత్తని గుడ్డతో తుడిచి, గరుకైన పొడులతో తోమకుండా ఉంటే అనేక సంవత్సరాలు నిలుస్తుంది. పూర్తిగా అరిగిన పిదప కూడా అందులో మిగిలిన బంగారాన్ని రసాయన పద్ధతుల ద్వారా వేరు చేసి తీయవచ్చు.

సూరత్ జరీ తీగ, పాటన్ విగ్రహం, షెఫీల్డు గుండీ, ఫిలడెల్ఫియా గడియారం, చిలకలపూడి గొలుసు ఒకే కోరికకు వేర్వేరు రూపాలు. అందరికీ అందని మెరుపును అందరికీ అందించాలన్నదే ఆ కోరిక. దానిని తీర్చిన శ్రామికుల నేర్పు గౌరవింపదగినది. ఆ నేర్పుకు తగిన గౌరవం దక్కాలంటే 9,170, 292, 18 అనే అంకెలు గొలుసుల మీదనే అందరికీ కనిపించాలి.